గొడుగు వెళ్ళాక పాడే చరణం

పెద్దతనం వచ్చాక నాకు కోపం తగ్గిందని మా కోడలు వీధంతా చెబుతూ ఉంటుంది. తగ్గిందో లేదో, మొన్న తిరువూరులో ఆ హాల్లో జరిగింది విని మీరే చెప్పండి.

మాణిక్యమ్మా నేనూ వినగడప పొలాల్లో ఒకే ముఠాలో నాట్లు వేసినవాళ్ళం. పాట ఎత్తేది అది, అందుకునేది మేము. రెండు మళ్ళ అవతల నాటేవాళ్ళ చేతులు కూడా దాని గొంతుకే ఆడేవి. అలాంటిదానికి పోయినేడు పక్షవాతం వచ్చి కుడిచెయ్యీ, మాటా పడిపోయాయి. మంచినీళ్ళు కావాలన్నా వేలు చూపించాల్సిందే. కొడుకు జోజిబాబు మంచివాడే, కానీ బదులు పలకని మనిషితో ఎంతసేపని మాట్లాడతాడు?

అప్పుడే షైని అనే పిల్ల మా బోటి ముసలివాళ్ళని తిరువూరులో ఒక హాల్లో పోగుచేసి పాటలు పాడించడం, సీసాల మీద రంగులు వేయించడం మొదలుపెట్టింది. "ఆరోగ్యానికి మంచిది అమ్మమ్మా" అంటే, "నా మోకాళ్ళకి ఏ రంగు పూస్తావే?" అని నవ్వాను. అయినా మాణిక్యమ్మని ఆటో ఎక్కించుకుని వెళ్ళాను.

ఒకరోజు రంగు వేస్తూ ఊరికే మా నాట్ల పాట కూనిరాగం తీశాను. పక్కనుంచి మాణిక్యమ్మ అందుకుంది! మాట రాని మనిషికి పాట వచ్చింది.

"గట్టు మీది గొడుగెవరిదే చెల్లీ?"

"వెంకటప్పయ్యదక్కా, వెంకటప్పయ్యది."

"బురదలోని నడుమెవరిదే చెల్లీ?"

"మనదేనక్కా, మనదే."

ఎవరి పొలంలో నాటితే ఆ ఆసామి పేరు పాటలో పెట్టడం మా ఆనవాయితీ. గట్టు మీద గొడుగేసుకు నిలబడ్డ ఆసామి విని, నవ్వి ఊరుకునేవాడు. ఎన్ని పొలాల్లో నాటినా, జబ్బు చేశాక మాణిక్యమ్మకి మిగిలిన పేరు అదొక్కటే. ఆ వెంకటప్పయ్యగారూ మా హాల్లోనే ఎదురు వరసలో, చెవికి మిషను పెట్టుకుని కూర్చునేవాడు. హాలు ఆయన కొడుకు కార్తీక్‌ది.

పాట తిరిగొచ్చాక ఇంట్లో కూడా రాగం తీసి, ఆ రాగంలోనే "నీళ్ళు… జోజీ…" అనేదాకా వచ్చింది మాణిక్యమ్మ. వాడు నా చేతులు పట్టుకుని ఏడ్చాడు.

ఇంతలో ప్రదర్శన పెట్టారు. పెద్దమనుషులొస్తారట. వాళ్ళ ముందు ఈ పాటలో మా నాన్న పేరుండటమేంటి, తీసెయ్యమన్నాడట కార్తీక్. షైని వచ్చి, "అమ్మమ్మా, పేరు మార్చి రంగయ్య అనుకుందామా?" అంది. మేం మార్చుకున్నాం. జవాబు కూడా మాతో కలిసి పాడే మాణిక్యమ్మ మార్చుకోలేకపోయింది. "రం… రం…" అంటూ అక్కడే ఆగిపోయి, కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"పోనీ ఆ రోజుకి కింద కూర్చుని చూస్తుందిలే. మీరు ఎత్తండి" అంది షైని.

"దాని పాట నేను ఎత్తడమేంటే?"

"హాలు వాళ్ళది అమ్మమ్మా. వద్దంటే మనం ఎక్కడ కూర్చుంటాం?"

"ఎండలో కూర్చుంటాం. పొలంలో ఫ్యాన్లుండేవా మాకు?"

ఆ పిల్ల తల దించుకుంది. దాని బాధ దానిది, కాదనను. కానీ ఆ రోజునుంచి మాణిక్యమ్మ ఇంట్లోనూ నోరు తెరవలేదు. "పిన్నీ, అమ్మ మళ్ళీ రాయైపోయింది" అన్నాడు జోజిబాబు. ఇప్పుడు మూసుకున్న నోరు మళ్ళీ తెరుచుకోదేమోనని నాకు అన్నం సహించలేదు.

ప్రదర్శన రోజు మాకందరికీ ఒకే రంగు చీరలు కట్టించి స్టేజీ ఎక్కించారు. మాణిక్యమ్మ కింద ముందు వరసలో, ఒళ్ళో చెయ్యి పెట్టుకుని కూర్చుంది. మైకు నా చేతికిచ్చారు.

"మాణిక్యమ్మ పైకి రాకపోతే పాట లేదు" అన్నాను.

కార్తీక్ మొహం మాడిపోయింది. అప్పుడు వెంకటప్పయ్యగారు కర్ర ఊతంగా లేచాడు. "రానివ్వండయ్యా. నా పేరేగా! నేనే ఒప్పుకుంటున్నాను, పాడుకోనివ్వండి" అన్నాడు.

చప్పట్లే చప్పట్లు! ఎంత పెద్ద మనసో అని ఒకాయన మైకు లాక్కుని పొగిడాడు. శాలువా తెచ్చి కప్పారు. పడిపోయిన నోరు మాణిక్యమ్మది, లేచిన గొంతు మాణిక్యమ్మది. మధ్యలో ఈయన ఒప్పుకోవడమేంటి? ఆ ఒప్పుకోడానికి శాలువా ఏంటి?

జోజిబాబు తల్లిని పట్టుకుని పైకి తెచ్చాడు. నేను పక్కన నిలబడి, నాట్లలోలాగే భుజానికి భుజం ఆనించాను. అది పాడింది. గొంతు మొదట వణికింది, తర్వాత నిలబడింది. శాలువా కప్పుకున్నాయన తొడమీద తాళం వేస్తూ మురిసిపోతున్నాడు.

అక్కడికి ఆపెయ్యాలి. నేను ఆపలేదు.

ఆ పాటకి ఇంకో చరణం ఉంది. గొడుగు గట్టు దిగి ఇంటికి వెళ్ళాకే పాడుకునేవాళ్ళం. కట్టింది మాణిక్యమ్మే. గట్టున గుడ్డ ఉయ్యాలలో పసిబిడ్డ పాలకోసం గుక్కపట్టి ఏడుస్తుంటే, "ఈ మడి అయ్యేదాకా ఎవరూ లేవొద్దు" అన్నాడు ఈ పెద్ద మనసాయన. ఆ బిడ్డే జోజిబాబు.

నేను దాని చెవిలో రాగం తీశాను. నా మొహంలోకి చూసింది. తర్వాత ఎదురుగా ఆయన వైపు చూసింది.

"గట్టు మీది ఏడుపెవరిదే చెల్లీ?"

"మన బిడ్డదక్కా, మన బిడ్డది" అన్నాం.

"ఎవరి చెవికి వినపడదే చెల్లీ?"

వరసంతా బిగుసుకుపోయింది. ఎదురుగా ఏనాడూ అనలేదుగా! దానితో నేనొక్కదాన్నే గొంతు కలిపాను. "వెంకటప్పయ్యకక్కా, వెంకటప్పయ్యకి." రెండోసారికి వరసంతా అంది.

ఆయన చెయ్యి తొడమీద ఆగిపోయింది. మెల్లగా చెవి మిషను మీదికి వెళ్ళింది. పెంచుకున్నాడో, తగ్గించుకున్నాడో నాకు తెలియదు. కార్తీక్ మైకు ఆపించాడు.

మాణిక్యమ్మకి మైకెప్పుడు కావాల్సి వచ్చింది గనక? ఊపిరి తీసుకుని, మళ్ళీ బిడ్డ ఏడుపు దగ్గర్నుంచే ఎత్తింది. ఈసారి బయట రోడ్డు మీద ఆటోల కోసం నిలబడ్డవాళ్ళు కూడా తలలు తిప్పారు.