నాలుగో పంజరంలో కాన్పు

గ్యారెట్ నోవాట్నీ సగం డాక్టరు కావడానికి రెండేళ్ళు పట్టింది. ఇంకో రకం డాక్టరు కావాలని పోరాడుతూ మరో అయిదేళ్ళు గడిపాడు. మిల్వాకీలో అతను చదివే కాలేజీ పద్ధతి అది. ముందు రెండేళ్ళు వైద్యం, ఆపైన సూక్ష్మజీవుల మీద పరిశోధన, ఆ పట్టా పుచ్చుకున్నాక మళ్ళీ వార్డులో రెండేళ్ళు వైద్యం. మధ్యలోదానికి మాత్రం ఇన్నేళ్ళని లెక్క లేదు. మనుషుల్ని బాగుచేద్దామని వచ్చినవాడికి చివరికి ఎలుకలే ఏలికలయ్యాయి.

జులై ఒకటిన వార్డులో చేరాలి. ఆ రోజు తప్పితే మళ్ళీ జులై దాకా చోటు లేదు.

"ఈసారైనా వస్తున్నావా?" అంది రోషెల్, శుక్రవారం క్యాంటీన్లో చేపల వేపుడు ముందు పెట్టుకుని. అతనితో ఒకే రోజున వైద్యంలో చేరిన మనిషి. ఒక్క పట్టాతో సరిపెట్టుకుంది కాబట్టి ఇప్పుడు ఆ వార్డులో సీనియర్ డాక్టరు. రేపు అతనికి మార్కులు వెయ్యాల్సిందీ ఆవిడే.

"వస్తున్నా. మంగళవారం నా పట్టా కమిటీ. గ్రాఫు చూశావుగా?"

"గ్రాఫు సరే. స్టెతస్కోపు పట్టి అయిదేళ్ళయింది. ఏ వైపు చెవుల్లో పెట్టుకుంటారో గుర్తుందా?"

"రెండున్న వైపు."

"అమ్మయ్య. సగం పాసయ్యావు."

గ్రాఫు నిజంగానే బాగుంది. పెరుగులో ఉండే ఒక బాక్టీరియాను ముందుగా పట్టిస్తే, పేగుల జబ్బును ఒంట్లోని రక్షణదళం తట్టుకుంటుందా అన్నది అతని ప్రశ్న. ఇరవై ఆడ చిట్టెలుకలు, పంజరానికి అయిదు చొప్పున. మగవాటిని ఒకచోట పెడితే కొట్టుకుంటాయని అన్నీ ఆడవే తీసుకున్నాడు. రెండు పంజరాలకు మందు, రెండింటికి వట్టి నీళ్ళు. ఆ తర్వాత అన్నిటికీ జబ్బు అంటించి రోజూ తూకం. జబ్బు పడ్డది చిక్కుతుంది, మందు పనిచేస్తే చిక్కదు. నాలుగో పంజరంలోవి చిక్కకపోవడం అటుంచి, లావెక్కాయి. ఆ లావుకు సగటు లేచింది. సగటు లేవగానే గైడు డాక్టర్ హెన్రియెట్టా వాస్ కుర్చీలోంచి లేచింది. అయిదేళ్ళలో ఆవిడ అతనికోసం లేవడం అదే మొదలు.

సోమవారం పొద్దున్న ఎలుకలశాల నుంచి ఎర్ల్ ఫోను చేశాడు. ముప్ఫై ఏళ్ళుగా ఆ ఎలుకలకు మేతా పానుపూ చూసేది ఆయనే.

"డాక్టరుబాబూ, శుభవార్త. నాలుగో పంజరంలో తొమ్మిదిమంది!"

"అయిదే ఉండాలి కదా?"

"పెద్దాళ్ళు అయిదుగురే. పిల్లలు తొమ్మిది. ఇంకో ముగ్గురు తల్లులు ఇవాళో రేపో కంటారు."

గ్యారెట్ గౌనూ టోపీ తగిలించుకుని పరుగెత్తాడు. ఎర్ల్ ఒకదాన్ని తోక పట్టి ఎత్తి దీపం కింద చూపించాడు. నలుగురాడవాళ్ళ మధ్య లింగులిటుకుమంటూ ఒక మగవాడు.

"తల్లి దగ్గర్నుంచి వేరుచేసేటప్పుడు ఆడా మగా చూసిందెవరు?" అన్నాడు ఎర్ల్.

"నేనే."

"ఎలా చూశావు?"

"తోక కింద రెండు రంధ్రాలూ దగ్గరగా ఉంటే ఆడ, ఎడంగా ఉంటే మగ."

"చెప్పడం బాగానే చెప్తున్నావే! మరి?"

"బస్సు వెళ్ళిపోతుందనీ..."

"రెండేళ్ళు మనుషుల వైద్యం చదివావుటగా?"

"మనుషులైతే అడిగితే చెప్తారండీ."

అయిదేళ్ళుగా ఫలితం లేని ప్రయోగం మొత్తానికి ఫలించింది. మందు మహిమ అనుకున్నది కడుపు. ఆ పంజరం తీసేసి చూస్తే, మందు తాగిన మిగతా అయిదూ నీళ్ళు తాగినవాటితో సమానంగా, ఏ పక్షపాతమూ లేకుండా చిక్కిపోయాయి.

"పంజరం కార్డు మీద కాన్పు రాయాలి," అన్నాడు ఎర్ల్ పెన్ను తీస్తూ. "అయితే ఈ కార్డులు చదివేది నేనొక్కణ్ణే. మీ కమిటీ పెద్దలు ఈ గది తొక్కి పదేళ్ళయింది. నీ ఇష్టం బాబూ."

గ్యారెట్ ఆలోచించాడు. కార్డు ఎవరూ చూడరు. గ్రాఫు అందరూ చూస్తారు. చూసి నమ్మి, రేపెవరో ఒక రోగికి ఆ మందు పట్టిస్తారు. ఆ రోగి చిక్కుతాడు. ఆ మంచం పక్కన నిలబడ్డ డాక్టరు తనే అయినా కావచ్చు.

"రాయండి," అన్నాడు. "తేదీ కూడా వెయ్యండి."

మంగళవారం కమిటీలో గ్రాఫు ఉండాల్సిన చోట తొమ్మిది గులాబిరంగు పిల్లల ఫొటో పడింది. ముగ్గురు ప్రొఫెసర్లూ నోట్లోని బేగెల్ రొట్టె నమలడం మానేశారు. గ్యారెట్ జరిగింది జరిగినట్టు చెప్పాడు.

"మందువల్ల సంతానప్రాప్తి కలిగిందంటావా?" ఒక పెద్దాయన ఆశగా అడిగాడు.

"లేదండీ. మగ ఎలుకవల్ల."

"దానిక్కూడా మందు పట్టించావు కదా?"

"పట్టించానండీ."

ఆయన అది రాసుకున్నాడు.

"నేను లేచి నిలబడింది ఏ పంజరానికి?" అంది డాక్టర్ వాస్.

"నాలుగోదానికేనండీ."

"ఊఁ."

ఆనవాయితీ ప్రకారం అతన్ని వరండాలో నిలబెట్టి, తలుపు వేసుకుని పావుగంట మాట్లాడుకున్నారు. పిలిచి తీర్పు చెప్పారు. ప్రయోగం మొదటినుంచీ మళ్ళీ చెయ్యాలి. పది వారాలు. అంటే జులై మూడో వారం.

"వార్డువాళ్ళను రెండు మూడు వారాలు ఆగమని అడిగితే?"

"రోగులు ఆగరు గ్యారెట్," అంది డాక్టర్ వాస్. అందరూ వెళ్ళాక మెల్లగా, "నువ్వు చెప్పకపోతే సంతకం పెట్టేసేదాన్ని," అంది. అది మెప్పో దెప్పో తేలలేదు.

ఆ సాయంత్రం కాలేజీ కార్యాలయంవారి ఫారం నింపాడు. వార్డులో చేరిక ఏడాది వాయిదా కోరుటకు కారణం: అనారోగ్యం, కాన్పు, ఆప్తుల మరణం. ఒకదానికి మాత్రమే టిక్కు పెట్టవలెను. ఇతరములు అన్న గడి లేదు. అబద్ధం చెప్పకూడదని నిన్ననే నిశ్చయించుకున్నాడు కాబట్టి కాన్పుకు టిక్కు పెట్టాడు.

మూడోనాడు జవాబొచ్చింది. ఏడాది మంజూరయింది, అభినందనలు, తల్లీ బిడ్డా క్షేమమా అని.

గ్యారెట్ తిరుగుటపాలో రాశాడు: "నలుగురు తల్లులూ ముప్ఫై ఒక్కమంది పిల్లలూ క్షేమం. తండ్రిని వేరే పంజరంలో పెట్టాం."