అమ్మ దిగే మలుపు

కాగితాల ప్రకారం ఆ కారులో అయిదుగురు కూర్చోవచ్చు. నిజానికి నలుగురు ఎక్కితే నీళ్ల ట్యాంకు మలుపు దాకానే దాని ప్రతాపం. అక్కడినుంచి ఇంటిదాకా నిటారుగా లేచే రోడ్డు కనపడగానే దానికి దగ్గు తెర పట్టుకునేది. నాన్న బండి ఆపేవాడు. వెనక సీట్లోంచి అమ్మ దిగి, ఆ ఎత్తు నడిచి ఎక్కేది. ఒకరు చెప్పక్కర్లేదు, ఇరవై రెండేళ్ల అలవాటు.

"మీ అమ్మ దిగితే చాలు, కారుకి ప్రాణం లేచొస్తుంది" అని నాన్న నవ్వేవాడు. పిల్లలిద్దరూ నవ్వేవాళ్లు. అందరికంటే ముందు అమ్మే నవ్వేది, ఎందుకంటే ఆ ఇంట్లో అందరికంటే ఒళ్లున్నది తనే.

పదేళ్లప్పుడు పెద్దమ్మాయి ఒకసారి వెనక అద్దంలోంచి చూసింది. సగం ఎత్తులో కరెంటు స్తంభం పట్టుకుని నిలబడిన అమ్మ ముఖంలో నవ్వు లేదు. కొంగుతో కళ్లు తుడుచుకుంటోంది. అది చెమటో, ఇంకొకటో అంతదూరం నుంచి తెలియలేదు. ఆ రోజు నుంచి ఆ పిల్ల మాత్రం నాన్న జోకుకి నవ్వడం మానేసింది.

ఇప్పుడు ఆ పిల్ల బస్సు డిపోలో మెకానిక్. అమ్మ మోకాళ్లు పూర్తిగా మొరాయించాయి. ఏడాదిగా గడప దాటలేదు. ఎక్కడికన్నా రమ్మంటే "ఇంట్లో పనుంది" అంటుంది. ఆ పని పేరు నీళ్ల ట్యాంకు ఎత్తు అని ఇంటిల్లిపాదికీ తెలుసు. నోరు విప్పి అనేవాళ్లే లేరు.

ఒక ఆదివారం ఉదయం పెద్దమ్మాయి ట్రాలీ మీంచి ఒక ఇంజను దింపించింది. వెనకభాగం నుజ్జయిపోయిన వ్యానుది. కారు ఇంజనుకి ఒకటిన్నర రెట్లు పెద్దది. దాన్ని చూసి నాన్న కళ్లజోడు సవరించుకున్నాడు. ఆయన దర్జీ. మెడలో టేపు లేకుండా ఆయన్ని చూసినవాళ్లు తక్కువ.

"బక్కోడికి కుట్టిన కోటులో వస్తాదుని దూరుస్తానంటావు" అన్నాడు.

"నాలుగు ఆదివారాలు ఇవ్వు నాన్నా. అమ్మని కూర్చోబెట్టి ఈ ఎత్తు ఎక్కించలేకపోతే పాత ఇంజనే బిగించి ఇస్తా. మళ్లీ ఈ కారు జోలికి రాను."

"రాసిస్తావా?"

"నోటి మాట చాలదా?"

నాన్న పేపరు అందుకున్నాడు. అది ఒప్పుకున్నట్టే.

మొదటి ఆదివారం గొలుసు కప్పీ కట్టి పాత ఇంజనుని పైకి లేపింది. రెండో ఆదివారం కొత్తదాన్ని దాని గేర్‌బాక్స్‌తో సహా దింపింది. ముందు బరువు పెరిగింది కనక స్ప్రింగులు మార్చాలి, బ్రేకులు మార్చాలి. స్ప్రింగులకి మనుషుల బరువులు కావాలి. తమ్ముడు తనది చెప్పాడు. నాన్న చెప్పాడు. అమ్మ కాసేపు గోడకేసి చూసి, "డెబ్బై అయిదు" అంది. పెద్దమ్మాయి రాసుకుంది.

మూడో ఆదివారం తాళం తిప్పగానే ఇంజను హుంకరించింది. ఆ సంబరం పది సెకన్లు కూడా నిలవలేదు. కరకరమని చప్పుడు, కింద నేలంతా నీళ్లు. ఇంజను ఊగి, ఫ్యాను రెక్క వెళ్లి రేడియేటరుని కొరికేసింది. చేతిలో ఉన్నది ఒక్క ఆదివారం. పెద్దమ్మాయి స్పానరు పక్కన పడేసి మెట్టు మీద కూలబడింది.

పేపరు చాటునుంచి అంతా చూస్తున్న నాన్న లేచి వచ్చాడు.

"ఫ్యానుకీ రేడియేటరుకీ మధ్యలో ఎంత వదిలావు?"

"వేలు మందం."

"ఇంజను ఆగి ఉన్నప్పుడు కొలిచావా?"

"మరెప్పుడు కొలుస్తారు?"

"ఊపిరి బిగబట్టినవాడికి కొలతలు తీశావన్నమాట. మనిషన్నాక ఊపిరి పీలుస్తాడు, వంగుతాడు, కూర్చుంటాడు. రెండు వేళ్ల లూజు లేకపోతే ఏ చొక్కా అయినా చిరుగుతుంది."

బస్సుల్లో ఇంజను చుట్టూ చోటుకి కొదవ ఉండదు. అందుకే ఆమెకి ఆ సంగతి తట్టలేదు. నాన్న మోకాళ్ల మీద వంగి, మెడలోని టేపు తీసి, సుద్దతో గీత గీశాడు. వారంలో రేడియేటరు అతుకు పడింది. సాయంత్రాలు ఇద్దరూ కలిసి దాన్ని ఆ గీత దాకా ముందుకు జరిపి బిగించారు.

నాలుగో ఆదివారం నలుగురూ ఎక్కారు. అమ్మని ఎక్కించడానికి అరగంట పట్టింది. బండిని ట్యాంకు దాకా దించి, అక్కడ తిప్పి, పెద్దమ్మాయి ఎత్తుకేసి చూసింది. వెనక తలుపు గొళ్లెం చప్పుడైంది. అద్దంలో చూస్తే అమ్మ చెయ్యి తలుపు మీద ఉంది.

"చెయ్యి తియ్యమ్మా."

"అలవాటే..."

"తియ్యి."

కారు ఎత్తు అందుకుంది. దగ్గలేదు, వణకలేదు. కరెంటు స్తంభం వచ్చింది, వెనక్కి పోయింది.

"రెండో గేరులో బాగానే లాగుతోంది" అన్నాడు నాన్న మెల్లగా.

"మూడోది నాన్నా."

నాన్న నోరు వెళ్లబెట్టాడు. తమ్ముడు సీటు మీద దరువు వేశాడు. ఇంటి ముందు బండి ఆగాక కూడా అమ్మ దిగలేదు. ముఖం చేటంత చేసుకుని, "ఏమే, నీకు అబద్ధం చెప్పాను. తొంభై నాలుగు" అంది. నలుగురి ముందు ఆ అంకె చెప్పడం అదే మొదలు, గొంతులో సిగ్గన్నది లేదు.

"తెలుసమ్మా. నేను వంద వేసుకున్నా."

అమ్మ పగలబడి నవ్వింది. "అయితే ఇంకోసారి పోనీ."

కారు మళ్లీ ఎత్తు దిగింది. ట్యాంకు మలుపు దగ్గర అమ్మ ముందుకి వంగి, నాన్న భుజం తట్టింది. "ఏమండీ, మీరు దిగండి. మీరు దిగితే చాలు, కారుకి ప్రాణం లేచొస్తుంది."

ఎవరూ నవ్వలేదు. నాన్న ఒక్క క్షణం ఆమె ముఖంలోకి చూశాడు. తరవాత తలుపు తీసుకుని దిగాడు. కారు కదిలింది. ఇంటి ముందు ఆగాక, ఈసారి వెనక అద్దంలోంచి చూసింది అమ్మ. ఆయన సగం ఎత్తులో కరెంటు స్తంభం పట్టుకుని నిలబడ్డాడు.

ఆయన ఇల్లు చేరేసరికి చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది. అమ్మ తమ్ముడి భుజం ఆసరాతో, నీళ్ల గ్లాసు పట్టుకుని గేటు దగ్గరే ఉంది. గ్లాసు ఖాళీ చేసి, చాలాసేపు ఊపిరి కూడదీసుకుని అన్నాడు.

"ఇంత ఎత్తని నాకు తెలీదు."

"ఇప్పుడు తెలిసిందిగా" అంది అమ్మ. ఖాళీ గ్లాసు ఆయన చేతిలోనే వదిలేసి, తమ్ముడి భుజం మీద ఆనుకుంటూ వెళ్లి ముందు సీట్లో కూర్చుంది.