చుక్క తిరిగి చూడలేదు

మామిడితోటకు కాపలా ఉన్న తిరుమలమ్మ ఒంటికాయ శొంటికొమ్ము. మొగుడు పోయాక పిలిస్తే పలికే ప్రాణం ఒక్క ఆవే. నొసట తెల్లమచ్చ ఉందని దానికి చుక్క అని పేరు పెట్టుకుంది. తోటలో ఏ మూలనున్నా "చుక్కా" అంటే చాలు, మోరెత్తి వచ్చేది.

నిరుడు కందిరీగ కుట్టి ఒళ్లంతా దద్దుర్లు లేస్తే, బంగారుపాళ్యం ఆస్పత్రిలో నర్సు కృపారాణి మాత్రలిచ్చి మరీ చెప్పింది.

"ఈ విషం నీ ఒంటికి పడదు. మళ్లీ కుడితే ఇంతకన్నా ఎక్కువ కావచ్చు. గొంతు మారినా, ఊపిరాడకున్నా, కళ్లు తిరిగినా మాత్ర మింగి కూసోవద్దు, బండెక్కి వచ్చెయ్. గొంతు మారేది నీకు తెలీదు, ఇంట్లోవాళ్లను కనిపెట్టుకోమను."

"చెప్తాలేమ్మా" అంది తిరుమలమ్మ. ఇంట్లో ఎవరూ లేరని చెప్పడానికి ఎందుకో సిగ్గేసింది. తోటకొచ్చి అదంతా చుక్కకే చెప్పుకుంది. అది నెమరేస్తూ విన్నది.

ఈ ఏడు తోతాపురి కోతలప్పుడు, కూలీలు వెళ్లిపోయాక, రాలిన కాయలు ఏరుతుంటే మెడ మీద మళ్లీ కందిరీగ కుట్టింది. కుట్టినచోట సున్నం రాసింది. కడుపూ చేతులూ దద్దురెక్కితే గొంగడితో రుద్దుకుంది. గొంగడి మన తాతలనాటి మందు. దురదకు సుఖమేగానీ లోపలికెక్కిన విషాన్ని అదేం చేస్తుంది పాపం! మిగిలిన మాత్ర ఒకటి మింగి, నిరుడూ ఇంతే కదా, కాసేపు నడుం వాలిస్తే సరిపోతుందని చాప పరిచింది.

అంతలో చుక్క పక్క చేలోకి దారి తీసింది. తిరుమలమ్మ పిలిచింది. అది తిరిగి చూడలేదు. మళ్లీ పిలిచింది. చెవైనా కదల్చలేదు.

"నీకూ కానిదాన్నయిపోతినా?" అంది కోపంగా.

అప్పుడు వినబడింది, తన గొంతు తనకు. అది తనది కాదు. ఎవరో ముసలాయన బొంగురుగా గొణిగినట్టుంది. గుటక వేయబోతే దిగలేదు. తిరుమలమ్మకు నర్సు మాట గుర్తొచ్చింది. ఈ చాప మీద పడుకుంటే ఇక లేచేది లేదు.

చెట్టూ చెట్టూ పట్టుకుని రోడ్డు మీద పడింది. కాయల ట్రాక్టరు తోలుకొస్తున్న మునికుమార్ "ఏమైందక్కా?" అని ఆపాడు. మాట రాక గొంతు చూపించింది. అతను మరో మాట అడక్కుండా కాయల మీదే పడుకోబెట్టి ఆస్పత్రికి చేర్చాడు.

కృపారాణి తొడకు సూది వేసింది. మెల్లగా ఊపిరి తెరిపిన పడింది.

"మళ్లీ తిరగబెట్టొచ్చు. సాయంత్రం దాకా ఈడే ఉండు. నాతో మాట్లాడతా ఉండు, గొంతు ఎట్లుండాదో వింటా ఉంటా."

తిరుమలమ్మ మాట్లాడింది. మొగుడి మొండితనం, ఈ ఏటి కాపు, చుక్క అల్లరి. పని చేసుకుంటూనే ఆ నర్సు పిల్ల ప్రతి మాటా విన్నది. ఇన్నేళ్లలో తన గొంతు కోసం చెవి పెట్టిన మనిషి ఆమే.

పొద్దు వాలింది. "గొంతు బాగుండాది. ఇంక ఇంటికి పోవచ్చు" అంది కృపారాణి.

కాస్త తిరగబెడితే బాగుండునని ఒక్క క్షణం అనిపించింది తిరుమలమ్మకు. చావు తప్పించుకున్న రోజే ఇదేం కోరికని ఏడుపొచ్చింది.

"మా ఇంట్లో ఎవురూ లేరమ్మా" అంది. "ఇంకొంచేపు విను."

కృపారాణి స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చుంది.