ముక్కు చచ్చినోళ్లు

నక్కవాగు పొంగి రోడ్డెక్కి, కాజీపల్లి లేబర్ లైన్లలో మంచాల కింద తెల్లటి నురుగు తేలిన ఏడాది అది. పిల్లలు ఆ నురుగుతో ఆడుకున్నారు. ఆడుకున్న కాళ్లు పుండ్లు పడ్డాయి. వరద తీసి, ఆ పుండ్లు ఇంకా మానకముందే, రింగురోడ్డు దిగేచోట ఫ్యాక్టరీ గోడలకు ఆనుకుని ఉన్న మైదానంలో ఒక పెద్ద పార్టీ జాతీయ మహాసభలు పెట్టింది.

దేశం నాలుగు మూలల నుంచి ప్రతినిధులు వచ్చారు. కారు దిగినవాళ్లు దిగినట్టే రుమాళ్లు తీసి ముక్కుకు అడ్డం పెట్టుకున్నారు. వంట డేరాలో ఉల్లిగడ్డలు కోస్తున్న ఆడవాళ్లు అది చూసి నవ్వారు.

"ఏం వాసనొస్తున్నదే వీళ్లకు?" అంది కౌసల్య.

"మన ఊరి అత్తరు," అంది బుల్లెమ్మ. గోదావరి పక్క నుంచి మొగుడి ఉద్యోగం వెంట వచ్చి ఇక్కడే ముసలిదైన మనిషి. "నేనొచ్చిన కొత్తల్లో నాకూ కొట్టేది. అన్నం సయించేది కాదు. ఇప్పుడు పక్కన పీనుగు కుళ్లినా తెలీదు. మన ముక్కులు ఎప్పుడో చచ్చాయమ్మా."

పక్కనే డేరా తాళ్లు కడుతున్న సంగయ్య నవ్వలేదు. అతను నవ్వడం తక్కువ, మాట్లాడడం ఇంకా తక్కువ. ఒకప్పుడు ఆ గోడ లోపల అతని జొన్నచేను ఉండేది. ఇప్పుడు అదే గోడ లోపల మందుల డ్రమ్ములు కడుగుతాడు. కౌసల్య అతని చెల్లెలి బిడ్డ. చెల్లెలు పోయాక తనే సాకాడు. ఆ పిల్లకు అతను తప్ప, అతనికి ఆ పిల్ల తప్ప ఎవరూ లేరు.

ఫ్యాక్టరీకి మనుషులను పంపే కాంట్రాక్టరు చలపతిరావే సభకూ మనుషులను పంపాడు. రానివాడి గేటుపాసు గుంజుకుంటానన్నాడు. అందరూ వచ్చారు. మనుషులతోపాటే ఫ్యాక్టరీ యార్డు నుంచి రసాయనాలు ఖాళీ చేసిన నీలం డ్రమ్ములూ తెప్పించాడు.

ఆ డ్రమ్ములు ఈ ఫ్యాక్టరీల బెల్టులో ప్రతి ఇంటి ముందూ ఉంటాయి. బూడిద, చింతపండు వేసి తోముతారు. మూత తీసి ఎండాకాలమంతా ఎండకు పెడతారు. తొలకరి నీళ్లు నిండనిచ్చి అవీ పారబోస్తారు. అప్పుడే మంచినీళ్లు పడతారు. ఎండ చూడని డ్రమ్మును గడప తొక్కనివ్వరు. అది ఇక్కడి కట్టుబాటు.

ఇవి ఎండ చూడలేదు. పైపుతో ఒకసారి కడగమన్నారు, అంతే.

"సార్, ఇవి ఎండలె," అన్నాడు సంగయ్య.

"చేతులు కడుక్కోడానికేరా. లీడర్లకు సీసాలున్నాయి. నీకెందుకు?" అన్నాడు చలపతిరావు.

సంగయ్య ఆ మాట ప్రతి డేరాకూ పోయి చెప్పాడు. చేతులకే, నోటికి కాదు. మొదటి రోజుల్లో అట్లాగే నడిచింది.

ముగింపు రోజు లారీల మీద జనాన్ని తోలారు. సీసాల నీళ్లన్నీ వేదిక వెనకకు పోయాయి, అక్కడ తాళం పడింది. పొయ్యిల దగ్గర పొద్దుటి నుంచి ఉడికిన ఆడవాళ్లు నీళ్లడిగితే సూపర్‌వైజరు డ్రమ్ములు చూపించాడు. "కొత్త డ్రమ్ములొచ్చినయ్, తాగున్రి" అన్నాడు. ఇంటి ముందర ఉండే డ్రమ్మే కదా. కౌసల్య తాగింది. మళ్లీ మళ్లీ తాగింది. సంగయ్య అప్పుడు మైదానం అవతల జెండా కట్టెలు పాతుతున్నాడు.

పొద్దు గూకేసరికి అతనికి కబురొచ్చింది. కౌసల్య బియ్యం బస్తాల మీద పడి ఉంది. పక్కన ఇంకొందరు కక్కుకుంటున్నారు.

"మామా, దీపాలు ఆర్పిన్రా?"

దీపాలు పట్టపగలులా వెలుగుతున్నాయి.

"అంత తెల్లగ కనబడ్తున్నది మామా. మంచు పడ్డట్టు."

అంబులెన్సు పిలిచారు. నాయకుల కార్ల కోసం రోడ్డు మూశారు, అది రింగురోడ్డు కిందనే నిలబడిపోయింది. మైకులో పెద్ద నాయకుడు ముగింపు ఉపన్యాసం చదువుతున్నాడు. కష్టం చేసే చేతికే తొలి ముద్ద అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. కౌసల్య చెయ్యి గాలిలో తడుముకుంటూ సంగయ్య గడ్డం పట్టుకుంది, ఎవరని అడిగింది. చెప్పాడు. వినబడిందో లేదో తెలియదు. వేదిక వెనక పటాకులు కాల్చారు.

అంబులెన్సు చేరేసరికి ఆ చెయ్యి చల్లబడింది. దాని డ్రైవరు మెదక్ అవతలి మనిషి. పక్కనున్న గ్లాసు తీసి, మొహం పక్కకు తిప్పేశాడు.

"ఏం తాగిచ్చిన్రు గీమెకు? ఇంత కంపు కొడ్తుంటే ఎట్ల తాగింది?"

సంగయ్య గ్లాసు తీసుకుని వాసన చూశాడు. ఏమీ లేదు. మళ్లీ చూశాడు. బుల్లెమ్మ చూసింది. ఆమెకూ లేదు. వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

పోలీసులు శవాన్నీ, కక్కుకున్నవాళ్లనూ దవాఖానకు పంపి, కల్తీ కల్లు అని రాసుకున్నారు. చలపతిరావు సంగయ్యను పక్కకు పిలిచి భుజం మీద చెయ్యి వేశాడు.

"పొద్దున్నే దవాఖానకొచ్చి వేలిముద్ర వెయ్యి. పోస్టుమార్టం కోత లేకుండా పిల్లను ఇప్పిస్తా, కాల్చుకో. కల్లు అలవాటని ఒక మాట అను. కొల్లూరులో డబుల్ బెడ్రూం ఇల్లు నీ పేరున రాయిస్తా. ఒంటిగాడివి, దర్జాగా బతుకు."

సంగయ్య ఏమీ అనలేదు. దాన్ని ఒప్పుకోలు అనుకుని చలపతిరావు వెళ్లిపోయాడు.

లేబర్ లైనులో ఎవరూ పడుకోలేదు. సంగయ్య గుడిసె ముందు మూగారు.

"ఇల్లు తీస్కో కాక," అన్నాడు బాయిలర్ దగ్గర పనిచేసే నరేష్. "పోయినామె రాదు. లొల్లి పెడితే రేపు మనందరికి గేటు బంద్."

"నీ పెళ్లాం అదే డేరాలో పనిచేసింది గదరా," అంది బుల్లెమ్మ. "దానికి దాహం వెయ్యలేదు కాబట్టి నీకు తెలివితేటలొచ్చాయి."

"నేనేమన్ననమ్మా? పోరగాన్లున్నరు నాకు."

"ఉంటారు. వాళ్లకీ అవే నీళ్లు పోస్తారు. తాగి చస్తే కల్లు తాగారని రాస్తారు. పాలు తాగే పిల్లయినా సరే, కల్లే."

"సాక్ష్యమేది? డ్రమ్ములన్ని మిషన్ల ఏసి తొక్కిచ్చిన్రు."

బీహార్ నుంచి వచ్చిన దిలీప్ అప్పటిదాకా గోడకు ఒరిగి ఉన్నాడు. డ్రమ్ములు బండికెత్తింది అతనూ అతని మనుషులే.

"సబ్ నహీ," అన్నాడు. "ఏక్ ఛోడ్ దియా, ఒకటి దాచినాం. కౌసల్యా దీదీ తాగింది, ఓహీ వాలా, అదే. నాలాలో ఉంది, గడ్డి కింద."

నరేషే ముందు లేచాడు. "పదుండ్రి, తెద్దాం" అన్నాడు.

తెచ్చాక మళ్లీ వాదన. పోలీసులకిస్తే మాయం చేస్తారు. కోర్టుకెళ్తే మన మాట ఎవరు నమ్ముతారు? వాసన మనకే తెలియదు. అప్పుడు సంగయ్య నోరు తెరిచాడు.

"తెలిసెటోళ్లు పొద్దుగాల గీ తొవ్వకే పోతరు."

అంతే అన్నాడు. అందరికీ అర్థమైంది. ప్రతినిధులు విమానాలకు వెళ్లేది ఆ రోడ్డు మీదనే. డాక్టరు వచ్చి అందరి కళ్ల ముందు నీళ్లు పరీక్షకు తీసుకునేదాకా, శవాన్ని కోసి నిజం రాసేదాకా రోడ్డు వదలకూడదనుకున్నారు. దిలీప్ వాళ్ల గదులకు పోయి చెప్పాడు, బుల్లెమ్మ అవతలి కాలనీకి పోయి చెప్పింది.

తెల్లారింది. చలపతిరావు దవాఖాన దగ్గర ఇంకుడబ్బా పట్టుకుని ఎదురు చూస్తున్నాడు. సంగయ్య మొహం కడుక్కుని, డ్రమ్మును పడుకోబెట్టి, దొర్లించుకుంటూ రోడ్డెక్కాడు. మొదటి కారుకు అడ్డంగా నిలబెట్టాడు. వెనక కార్ల వరుస ఆగింది.

ఇన్‌స్పెక్టరు పరుగెత్తుకొచ్చాడు. "తియ్‌రా ముసలోడా."

సంగయ్య రెండు చేతులూ మూత మీద పెట్టాడు. లాఠీ లేచి ఎడమ చేతి మీద పడింది. బొటనవేలు చితికింది. ఇంకు పూయవలసిన వేలు. ఇంకో దెబ్బ మోచేతి మీద పడింది.

అప్పుడు లైన్ల సందులోంచి ఉరుము లాంటి చప్పుడు వచ్చింది. ఇంటింటి నీలం డ్రమ్ములు, తాగే నీళ్లు పారబోసినవి, ఖాళీగా దొర్లుతూ వస్తున్నాయి. నరేష్ ముందున్నాడు, దిలీప్ వాళ్లు పక్కన, వెనక ఆడవాళ్లు.

సంగయ్య అటు తిరిగి చూడలేదు. కుడి చేత్తో డ్రమ్ము మూత లాగి తీశాడు. గాలి కార్ల వైపే ఉంది. లోపలివాళ్ల చేతులు రుమాళ్ల కోసం వెతుక్కున్నాయి.