ఎల్డన్ దిద్దిన జవాబులు

హైస్కూల్లో సీటు కోసం రాసే పరీక్షకి అభ్యాసం చేసే పుస్తకం కొన్నరోజే, వెనకున్న జవాబుల పేజీలు బ్లేడుతో కోసి దాచేయాలి. రియో క్లారో ఊళ్లో ఐదో క్లాసు పిల్లలున్న ప్రతి ఇంట్లోనూ జరిగే పనే ఇది. కొందరు బీరువాలో పెడతారు, కొందరు బియ్యం డబ్బా అడుగున దోపుతారు. ఎల్డన్ బాస్కమ్ తన టైల్సు పనిముట్ల పెట్టెలో పెట్టి తాళం వేశాడు. తాళంచెవి మెడలో వేసుకున్నాడు. కూతురు తమికా రోజూ సాయంత్రం ఒక ఇంగ్లీషు పాఠం చదివి, కింది ప్రశ్నలకి జవాబులు రాసి పుస్తకం తెచ్చిచ్చేది. ఆయన వరండాలో కుర్చీ వేసుకుని, ఆ పేజీలు తీసి, ఎర్ర పెన్నుతో దిద్దేవాడు. ఇనస్పెక్టరు దొరలా దిద్దేవాడు.

ఇందులో ఒక్కటే చిక్కు. ఎల్డన్‌కి చదవడం రాదు.

అక్షరాలు తెలుసు. సంతకం చక్కగా చేస్తాడు. సిమెంటు బస్తా మీది పేరు, బస్సు మీది ఊరు పోల్చుకోగలడు. నాలుగు మాటలు వరసగా వచ్చాయా, ఇక అంతే సంగతులు. ఈ విషయం ఆయన భార్య మెర్లీన్‌కి ఒక్కదానికే తెలుసు. కరెంటు బిల్లు నుంచి స్కూలు ఉత్తరాల దాకా ఆవిడే చదివి చెప్పేది. పోయినేడు ఆవిడ పోయింది, పిల్ల పుస్తకం దిద్దే పని ఈయన మీద పడింది. నాకు రాదమ్మా అంటే ఏం పోయింది? అనలేదు. పదకొండేళ్ల పిల్ల ముందు తండ్రి చిన్నబోవడమా అనుకున్నాడు. మగవాళ్ల పంతాలకి అర్థాలు వెతకడం దండగ.

గ్రామరు తేలికే. ఎ, బి, సి, డిలలో ఒకదానికి సున్నా చుట్టి ఉంటుంది, చూసి టిక్కు పెట్టడమే. పాఠం చదివి జవాబు రాసే దగ్గరే తంటా వచ్చింది. తమికా రాసిన వాక్యం మీద ఒక వేలు, జవాబుల పేజీ మీద ఒక వేలు పెట్టి, టైలు పక్కన టైలు పొదిగినట్టు మాటకి మాట పోల్చేవాడు. ఒక్క మాట తేడా వచ్చినా తప్పే. ఆ పిల్లేమో పుస్తకం అడిగినట్టే అన్నీ సొంత మాటల్లో రాసేది. పేజీ నిండా ఇంటూలే.

"మళ్లీ పదికి రెండా! బుర్ర ఎక్కడ పెట్టుకున్నావే?"

"మూడోది కరెక్టేమో డాడీ. ముసలాయన పడవ అమ్మనన్నాడు కదా, ఎందుకంటే అది వాళ్ల..."

"పుస్తకం తప్పు, నువ్వు కరెక్టు అంటావ్! నోర్మూసుకుని మళ్లీ రాయి."

మూడు వారాలు ఇదే వరస. వేషాలూ ఊరేగింపుల పండగ, కార్నివాల్ వచ్చింది. పిల్లల ఊరేగింపు కోసం తమికాకి సీతాకోకచిలుక రెక్కలు అప్పటికే కుట్టించి ఉన్నాయి. "పదికి రెండొచ్చేవాళ్లకి రెక్కలొకటా?" అన్నాడు ఎల్డన్. ఆ శనివారం డప్పులూ బాకాలూ వీధిలోంచి వెళ్తుంటే పిల్ల గేటు పట్టుకుని చూసింది. ఏడవలేదు. అన్నీ వెళ్లిపోయాక లోపలికి వచ్చి పుస్తకం తీసింది.

కార్నివాల్ అయిన వారానికి పదికి తొమ్మిది వచ్చాయి. మర్నాడు పదికి పది. ఆపైన రోజూ పదులే. ఎల్డన్ వేళ్లు పెట్టి చూస్తే మాటకి మాట అతికినట్టు సరిపోతోంది. కాస్త గట్టిగా ఉంటే పిల్లలు దారికొస్తారు అనుకుని మురిసిపోయాడు. బోయిసీ రమ్ము షాపులో ఆ మాట చెప్పుకోని సాయంత్రం లేదు.

"మా అమ్మాయి పుస్తకం నేనే దిద్దుతున్నాను. నా చేతిలో పడ్డాక చూడు!"

"అయితే మాస్టారూ," అన్నాడు బోయిసీ గ్లాసు తుడుస్తూ, "మా బాత్‌రూమ్ గచ్చు కూడా కాస్త దిద్దిపెట్టండి. తమరు పరిచి వెళ్లినప్పట్నుంచి మూల నీళ్లు నిలబడుతున్నాయి."

అందరూ నవ్వారు. ఎల్డన్ అందరికంటే గట్టిగా నవ్వాడు.

పరీక్ష ఇంకా మూడు వారాలుందనగా, శనివారాలు ట్యూషన్ చెప్పే మిస్ గిటెన్స్ కబురు పెట్టింది. స్తంభాల మీద ఎత్తుగా కట్టిన తన ఇంటి కింద బెంచీలు వేసి ఆవిడ పాఠాలు చెబుతుంది. ఎల్డన్ వెళ్లేసరికి పిల్లల్ని తీసుకెళ్లడానికి వచ్చిన తల్లులూ తండ్రులూ అరడజను మంది అక్కడే ఉన్నారు. తమికా బల్ల దగ్గర తల వంచుకుని నిలబడి ఉంది.

"మిస్టర్ బాస్కమ్, నెల రోజులుగా మీ అమ్మాయి రాసినవన్నీ జవాబుల పేజీలోంచి ఎక్కించినవే," అంది మిస్. "కామాలతో సహా. ఆ పేజీలు ఎక్కడ పెట్టారు?"

"నా పెట్టెలో మిస్. తాళం వేసే ఉంది."

"నా పక్కన కూర్చునే అనీకా పుస్తకం చూసి రాశాను మిస్," అంది తమికా. "వాళ్లు పేజీలు కొయ్యలేదు."

బెంచీ మీద కూర్చున్న అనీకా తల్లి నోరు నొక్కుకుంది. "అమ్మో, మా పుస్తకంలోంచా! తండ్రేమో నేనే దిద్దుతున్నానని ఊరంతా టముకేస్తున్నాడు."

ఎల్డన్‌కి తల కొట్టేసినట్టయింది. "దొంగరాతలా? నేను నేర్పింది ఇదా నీకు?" అని కూతురి మీద అరిచాడు, అందరికీ వినపడేలా.

మిస్ గిటెన్స్ పేజీలు వెనక్కి తిప్పింది. "నాకు అర్థం కానిది ఇంకోటుంది. ఇవి కార్నివాల్ ముందువి, సొంతంగా రాసింది. ఎంత బాగా రాసిందో! నా క్లాసులో ఇంకెవరూ ఇలా రాయలేరు. దాదాపు అన్నీ కరెక్టు. మరి వీటికి ఇంటూలు పెట్టిందెవరు?"

"నేనే," అంది తమికా చటుక్కున. "నేనే పెట్టుకున్నాను మిస్."

కరెక్టా? అన్నీనా? గేటు పట్టుకుని నిలబడ్డ పిల్ల ఎల్డన్ కళ్లముందు మెదిలింది. సరిగ్గా రాసినందుకు మూడు వారాలు తిట్టాడు. ఆ తిట్లు పడలేక, తండ్రి వేళ్లకి సరిపడే మాటలు ఎక్కడున్నాయో వెతికి తెచ్చి రాసిందన్నమాట. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు.

"కాపీ కొట్టేవాళ్లని నేను ఉంచుకోను. ఇవాళే పేరు కొట్టేస్తాను, స్కూల్లోనూ చెబుతాను," అంది మిస్. "ముందు మీరు ఈ పాత పేజీలో మూడో జవాబు పైకి చదవండి. ఇలా రాయగల పిల్లకి కాపీ కొట్టే ఖర్మేంటో అందరూ వింటారు."

పుస్తకం ఆయన చేతిలో పెట్టింది. ఇంటికి బయల్దేరినవాళ్లు కూడా ఆగారు.

"డాడీ కళ్లజోడు ఇంట్లో మర్చిపోయాడు మిస్," అంది తమికా.

ఎల్డన్ జన్మలో కళ్లజోడు పెట్టలేదు. కూతురి వైపు చూశాడు. అది తడబడలేదు, కళ్లు దించలేదు. అలవాటైన పనిలా అనేసింది. అయితే దీనికి తెలుసు. ఇప్పుడు "అవును మిస్" అంటే చాలు, ఆయన పరువు దక్కుతుంది. పిల్లకి మాత్రం దొంగన్న పేరు మిగిలిపోతుంది. అందామనే అనుకున్నాడు. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా, దాచడమెందుకు. అలా వచ్చినందుకే ఎక్కువ సిగ్గుపడ్డాడు.

"నాకు కళ్లజోడు లేదు మిస్," అన్నాడు. "చదవడం రాదు. ఆ ఇంటూలు నేనే పెట్టాను, మాటలు కలవలేదని. పిల్ల సరిగ్గానే రాసింది. నేను టిక్కులు పెట్టాలని చూసి రాసింది."

ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. మిస్ గిటెన్స్ రిజిస్టరు మూసేసి, ఆయన మొహంలోకి చూడకుండా, "వచ్చే శనివారం టైముకి పంపండి," అంది.

ఇద్దరూ ఇంటిదారి పట్టారు.

"ఎందుకు చెప్పావు డాడీ?" అంది తమికా కోపంగా. "అనీకా వాళ్లమ్మ కూడా వింది."

"నీకెప్పట్నుంచి తెలుసే?"

తమికా పుస్తకం ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది.

"అమ్మ పోయినప్పుడు అందరూ పంపిన పరామర్శ కార్డులొచ్చాయి కదా. రోజూ ఒకటి చదివి వినిపించేవాడివి. అమ్మ నవ్వితే వీధి చివరికి వినపడేదనీ, వానొస్తే ముందు పక్కింటివాళ్ల బట్టలు తీసేదనీ, ఇంకా చాలా. మళ్లీ చదువుకుందామని ఒకరోజు అన్నీ తీశాను."

ఎల్డన్ ఆగిపోయాడు.

"అన్నిట్లోనూ అచ్చువేసిన వాక్యం ఒకటే ఉంది డాడీ. మీ దుఃఖంలో మేమూ ఉన్నామని. అంతే."