రెండో మాత్ర

మా ఇంట్లో పొద్దున కాఫీ కన్నా ముందు ఒడెస్సా అనే ఆవిడ ఫోను వచ్చేది.

"మింగావా?" అనేదామె.

"మింగాను. నువ్వో?" అనేవాడు నా మొగుడు కార్నెల్.

"ఇదిగో, గొంతు దిగుతోంది," అనేది. ఇద్దరూ నవ్వుకునేవారు. అందులో నవ్వడానికేముందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. పక్కన గుడ్లు వేయిస్తూ నేను కుళ్లి చచ్చేదాన్ని.

కార్నెల్‌కు హెచ్ఐవీ ఉందని తెలిసే చేసుకున్నాను. మందులతో వైరస్ రక్తంలో కనిపించనంతగా అణిగిపోయింది. నాకు అంటలేదు, అంటదు కూడా. ఆ జబ్బంటే నాకు భయం లేదు, ఒడెస్సా అంటేనే మంట. మా మెంఫిస్ ఊళ్లో తోటి రోగులంతా రాలిపోతున్న రోజుల్లో వాళ్లిద్దరూ ఒకే క్లినిక్‌లో పక్కపక్క కుర్చీల్లో కూర్చున్నారట. ఈ ఫోను అప్పుడు మొదలైంది. నేను ఆ తర్వాత వచ్చినదాన్ని.

"అంతసేపు ఏం మాట్లాడతావ్ ఆవిడతో?" అని ఒకసారి అడిగేశాను.

"మందులూ నొప్పులూ. వదిలెయ్ మేవిస్. ఈ ఇంట్లోనైనా నన్ను రోగిని కాకుండా ఉండనీ."

నొప్పులన్నీ ఆమెకు చెప్పుకుంటాడట, నాకు మాత్రం తోమాల్సిన గిన్నెలు.

కిందటి నెల అతను స్నానం చేస్తుండగా ఫోను మోగింది. నేనే తీశాను.

"మింగాడా చెల్లీ?"

"చెల్లీ గిల్లీ అనకు. నా మొగుడి చేత మందు నేను మింగిస్తాను. ఇక ఫోను చెయ్యకు."

"రెండూ మింగించు మరి," అని పెట్టేసింది.

రెండేమిటని నేను అడగలేదు. అడిగితే నాకు తెలియదని ఆమెకు తెలిసిపోదూ?

మర్నాటి నుంచి ఎదురుగా నిలబడి మాత్ర మింగించాను. అతను ఒకటే తీశాడు, ఒకటే మింగాడు. ఇంకోటి ఉందా అని అతన్నీ అడగలేదు. ఫోను మోగలేదు. గెలిచానని పొగ పెట్టిన మాంసం వేసి ఆకుకూర వండాను, కోడిని నూనెలో వేయించాను. కార్నెల్ సగం తిని ఫోను వంక చూస్తూ కూర్చునేవాడు. ఆ చూపుకు నాకు ఇంకా మండేది.

మొన్న ఆదివారం చర్చి మెట్ల మధ్యలో ఆగిపోయాడు. చొక్కా చెమటతో తడిసింది.

"తిన్నది అరగలేదు," అన్నాడు.

"అరగకపోతే ఎడమ చెయ్యి ఎందుకయ్యా పట్టుకున్నావ్?" అని నేనే అంబులెన్సు పిలిచాను.

ఆసుపత్రిలో అతన్ని లోపలికి తీసుకుపోయాక డాక్టరమ్మ వచ్చింది.

"గుండె రక్తనాళం మూసుకుపోయింది, తెరుస్తున్నాం. వైరస్ అణిగి ఉన్నా హెచ్ఐవీ ఉన్నవాళ్లకు గుండె జబ్బు ముప్పు ఎక్కువ. గుండెను ముందే కాపాడుకోవడానికి మాత్ర ఏదైనా ఇచ్చారా? వేసుకుంటున్నాడా? నొప్పి ఎన్నాళ్ల నుంచి? పాత రోజుల్లో ఏ మందులు వాడాడు?"

"నేను ఆయన భార్యనండీ," అన్నాను గట్టిగా.

"అవునమ్మా, అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను."

అతని చెప్పుల సైజు తెలుసు, కూరలో ఎంత ఉప్పు కావాలో తెలుసు. ఆమె అడిగిన వాటిలో ఒక్కటీ తెలియదు. తెలిసిన మనిషి ఎవరో మాత్రం తెలుసు. అది నన్ను కాల్చేసింది. అయినా అతని కోటు జేబులోంచి ఫోను తీసి ఒడెస్సా నంబరు నొక్కాను.

మొదటి మోతకే ఎత్తింది. అతనే అనుకుంది.

"మింగావా?" అంది ఒడెస్సా. నెల్లాళ్లుగా ఆ మాట నోట్లోనే పెట్టుకుని కూర్చున్నట్టుంది.

"నేను మేవిస్‌ని," అన్నాను. "ఆ రెండో మాత్ర ఏమిటి అక్కా?"