తొట్టిలో బాగున్న మూల

ఆఫీసు క్యాంటీన్లో రెండు వందల మందికి వండి వార్చే మనిషికి, ఇంట్లో నాలుగు చేపలకు మేత వెయ్యడం ఒక లెక్కా? తమ్ముడు తన ఉప్పునీళ్ల తొట్టిని ముందు గదిలో పెట్టించి ఓడ మీద ఉద్యోగానికి వెళ్లిన రోజున వంటావిడ అలాగే అనుకుంది. అక్కడే కొంప మునిగింది.

మొదట ఇసుక మీద ఎర్రటి మరక కనిపించింది. చూస్తూండగానే అది ఇసుకంతా కప్పేసి, రాళ్ల మీదికి పాకి, తమ్ముడు ప్రాణంగా పెంచుకున్న ఆకుపచ్చ పగడం మొదలు చుట్టూ మీగడలా పేరుకుంది. ఎర్రపాచి! మామూలు పాచి అయితే గీకి పారేస్తే వదిలిపోతుంది. ఇదేమో జిగురు. వేలు పెట్టి లాగితే పొరలు పొరలుగా ఊడి వస్తుంది, సాయంత్రానికల్లా మళ్లీ ఏమీ ఎరగనట్టు తన చోట తాను తయారు. పొద్దున్నే సన్నగొట్టంతో దాన్ని లాగేసి పనికి వెళ్లేది. అక్కడ గరిటె తిప్పుతూ తొట్టి గురించే ఆలోచించేది, ఉప్పు వేశానా లేదా అని పక్కవాళ్లను అడిగేది. ఇంటికి రాగానే చెప్పులైనా విప్పకుండా తొట్టి ముందుకే పరుగు.

ఆ తమ్ముడితో మాటలు ఈమధ్యే కలిశాయి. అమ్మ ఆస్పత్రిలో ఉన్నప్పుడు ఫోన్లో, "బాగానే ఉందిరా, నువ్వు కంగారుపడి పరిగెత్తుకు రాకు" అని చెబుతూ వచ్చింది ఈవిడే. వాడి మంచికే చెప్పాననుకుంది. వాడు వచ్చేసరికి అంతా అయిపోయింది. ఏళ్ల తరబడి మళ్లీ ఈ గడప తొక్కలేదు. తొక్కిన రోజున తొట్టిని వెంట తెచ్చాడు.

"ఏం జరిగినా జరిగినట్టు చెప్పక్కా. నాకింకేం వద్దు" అన్నాడు.

సరేనంది. ఇప్పుడు వాడు ఓడ మీద నుంచి ఫొటో పంపమంటే, పాచి ఇంకా చేరని ఎడమ మూల మాత్రం తీసి పంపుతోంది. ఏదో ఒక చేప ఆ మూలకు వచ్చేదాకా కాపు కాసి మరీ తీస్తోంది. "సూపరక్కా!" అని వాడి దగ్గర్నుంచి జవాబొస్తే ఆ పూట ఆమెకు ముద్ద దిగేది కాదు.

భర్త దర్జీ. కుట్టుమిషను మీంచి తల ఎత్తకుండా సలహాలిచ్చే రకం.

"కాలు కాలిన పిల్లిలా అలా తిరక్కే. ఆ పగడం పోతే, కరెంటు లేక పంపు ఆగిపోయిందని చెప్దాం. కరెంటుతో ఎవడు పోట్లాడతాడు?"

"మీరు నోరు మూసుకుని కుట్టుకోండి."

"మూసుకుంటే గుండుసూదులెక్కడ పెట్టుకోను?"

ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. కానీ ఆ కరెంటు మాట మాత్రం చెవిలో జోరీగలా తిరుగుతూనే ఉంది. అంత సులువైన అబద్ధం చేతికందేలా ఉంటే మనసు ఊరుకుంటుందా?

పగడం ఒక పక్క కండ కరిగి తెల్లని ఎముక బయటపడిన రోజున ఇక ఆగలేకపోయింది. సీసాడు తొట్టినీళ్లు పట్టుకుని చేపల షాపుకు పరిగెత్తింది. షాపతను ఆ నీళ్లలో ఏదో చుక్కల మందు వేశాడు. నీళ్లు నీలంగా మారి, చూస్తుండగానే సిరాలా ముదిరిపోయాయి.

"నీళ్లలో ఎరువు బాగా పేరుకుపోయింది. వీటికేం పెడుతున్నారమ్మా?"

"ఐసు రొయ్యల బిళ్ల. మీ దగ్గర కొన్నదే. తమ్ముడు చెప్పినట్టు రోజుకొక్కటే, అంతకంటే పిసరెక్కువ వెయ్యలేదు."

"కరిగించే వేస్తున్నారా?"

"గిన్నెలో కరిగించి."

"మరి ఆ కరిగిన నీళ్లు?"

"పారబోస్తానా ఏంటి!" అందావిడ, కాస్త గర్వంగానే. "సారమంతా వాటిలోనే కదా ఉండేది. గిన్నె కడిగిన నీళ్లు కూడా తొట్టిలోనే పోస్తాను."

షాపతను తల పట్టుకున్నాడు. "చేపలు తినేది రొయ్యల్ని తల్లీ. ఆ సారం తినేది ఎర్రపాచి. ఇన్నాళ్లూ మీరు దానికి వండిపెట్టారు."

ఉడికించిన నీళ్లు సైతం వృథా పోనివ్వదని కదా క్యాంటీన్లో తనకు పేరు! ఆ పేరే పగడం ప్రాణం మీదికి తెచ్చింది.

"మందుంది గానీ, తేడా వస్తే చేపలకు ఊపిరాడదు" అన్నాడతను. "ముందు పాచంతా లాగెయ్యండి. కొంత నీళ్లు మార్చండి. ఇసుక మీద నీళ్లు బాగా కదిలేలా పంపు తిప్పండి. ఆ తర్వాత దుప్పటి కప్పి మూడు రోజులు చీకటి. మేత బంద్."

"మూడు రోజులు పస్తా? వాటి ఉసురు నాకు తగలదూ?"

"చేపలు ఆగుతాయమ్మా. మీరాగుతారా అన్నదే నా అనుమానం."

చెప్పినవన్నీ చేసి తొట్టికి దుప్పటి కప్పింది గానీ, అతని అనుమానం ఉత్తినే పోలేదు. ఇస్త్రీ చేసిన బట్టలకే మళ్లీ ఇస్త్రీ చేసింది. తోమిన గిన్నెలు మళ్లీ తోమింది. దుప్పటికి చెవి ఆనించి పంపు చప్పుడు విన్నది. ఒకసారి చెయ్యి తనంత తానే ఐసు డబ్బా దాకా వెళ్లింది. దర్జీ దగ్గాడు, వెనక్కి తీసుకుంది. ఆకలితో ఉన్న ప్రాణి ఎదురుగా ఉండగా చేతులు కట్టుకుని కూర్చోవడం ఆమెకు ఎవరూ నేర్పలేదు. దుప్పటి కింద పగడం ఉందో పోయిందో తెలియకపోవడం అంతకన్నా నరకం.

గడువు చివరి రోజు సాయంత్రం తలుపు గంట మోగింది. ఓడ అనుకున్నదానికంటే ముందే రేవు చేరిందట. తమ్ముడు భుజాన సంచితో, నవ్వుతూ నిలబడ్డాడు.

"రేపు పొద్దున్న బండి చెప్పానక్కా, తొట్టి తీసుకెళ్లిపోతా. నీకూ విశ్రాంతి" అంటూ లోపలికొచ్చి దుప్పటి చూసి ఆగిపోయాడు. "అదేంటి, కప్పేశారు?"

"అదా, మొన్న కరెంటు..." దర్జీ నోట్లోంచి సూదులు తీసి మొదలెట్టాడు.

"కరెంటు కాదు, నేనేరా" అంది వంటావిడ. ఇక ఆగకుండా చెప్పేసింది. రొయ్యల నీళ్లు, ఎర్రపాచి, ఫొటోలు, అన్నీ. "నీకు పంపినవన్నీ బాగున్న మూలవే. పగడం సగం పోయింది. మిగతా సగం ఉందో లేదో నాకూ తెలీదు."

వాడు సంచి దించాడు. అరిచినా బాగుండుననుకుంది. వాడు దుప్పటి తీశాడు. ఇసుక తెల్లగా ఉంది, అక్కడక్కడ ఎర్రటి పీలికలు తప్ప. చేపలు నాలుగూ ఉన్నాయి. పగడం ఒక పక్క ఉత్త ఎముక. రెండో పక్క కొనలు బాగా ముడుచుకుని ఉన్నా పచ్చగానే ఉన్నాయి. వాడు ఎముక వైపే చాలాసేపు చూశాడు.

"ఎప్పట్నుంచి?"

"నువ్వు మొదటిసారి సూపరన్న రోజుకే మొదలైంది."

"అప్పుడే చెప్పుంటే ఇది బతికేదక్కా."

నీ మంచికేరా, అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది.

"అవున్రా. బతికేది."

వాడు తల తిప్పి ఆమెను చూశాడు. ఈలోగా మనుషుల అలికిడికి చేపలు అద్దం దగ్గరికి వచ్చి నోళ్లు తెరిచాయి. "పాపం, ఆకలి మీదున్నాయి" అని గొణుక్కుంటూ వాడు ఫ్రిజ్ తెరిచి రొయ్యల బిళ్ల తీశాడు. వంటావిడ వాడి మణికట్టు పట్టుకుంది.

"వద్దు. పాచి ఇంకా పూర్తిగా చావలేదు. రేప్పొద్దున్న కడిగి, ఆ నీళ్లు పారబోసి, సగం బిళ్లే వెయ్యాలి."

ఆమె పట్టు వదల్లేదు. వాడు బిళ్లను తిరిగి డబ్బాలో పెట్టాడు. జేబులోంచి ఫోను తీసి, బండివాడికి రేపు రానక్కర్లేదని చెప్పాడు.